ఓర్చుకోవడం వేరు, తేరుకోవడం వేరు: దక్షిణ తెలంగాణ వృద్ధుల మనసూ ఒళ్ళూ

క్లుప్తంగా: మనసు నిబ్బరంగా ఉన్న వృద్ధులు ఎక్కువ కాలం బతుకుతారని పరిశోధనలు చూపుతున్నాయి. అయితే నిబ్బరం అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి: బాధను మింగి ఊరుకోవడం ఒకటి, దెబ్బ తిన్నాక మళ్ళీ కుదురుకోవడం మరొకటి. ఫ్లోరైడ్ నీళ్ళను, వలస బతుకును చూసిన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో మొదటిది పుష్కలంగా ఉంది. రెండోదానికి నిద్ర, కండబలం, మనిషి తోడు, చేతిలో నాలుగు పైసలు, నడిచిపోగలిగినంత దూరంలో దవాఖాన కావాలి. ఈ వ్యాసం ఆ తేడాను, దాని వెనుక శరీరంలో జరిగే ప్రక్రియను, ఈ ప్రాంతంలో అది తీసుకునే రూపాన్ని పరిశీలిస్తుంది.

ఒక అధ్యయనం చెప్పింది, చెప్పనిది

మనసు గట్టిగా ఉంటే రోగం దరి చేరదని, మందులకంటే ధైర్యమే మిన్న అని చెప్పే సందేశాలు వాట్సాప్ గుంపుల్లో తరచూ తిరుగుతుంటాయి. 2024లో బీఎంజే మెంటల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనాన్ని ఒకే వాక్యంలోకి కుదించి చెబితే ఈ సందేశాలకు రుజువు దొరికినట్టే కనిపిస్తుంది. అమెరికాలో యాభై ఏళ్ళు దాటినవారి ఆరోగ్యాన్ని, ఆర్థిక స్థితిని 1992 నుంచి క్రమం తప్పకుండా నమోదు చేస్తున్న ఒక పెద్ద సర్వేలోని 10,569 మంది వివరాలను అందులో విశ్లేషించారు. మానసిక స్థైర్యం కొలతలో అట్టడుగు నాలుగో వంతులో ఉన్నవారితో పోలిస్తే పై నాలుగో వంతులో ఉన్నవారికి మరణించే ముప్పు 53 శాతం తక్కువగా తేలింది. పదేళ్ళ తరువాత బతికి ఉండే అవకాశం అట్టడుగు వర్గంలో 61 శాతం కాగా పై వర్గంలో దాదాపు 84 శాతం.

అయితే అప్పటికే ఉన్న జబ్బులను, పొగతాగడం వంటి అలవాట్లను లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ తేడా మాయం కాలేదు గానీ, తగ్గింది. అంటే ధైర్యం ఆరోగ్యాన్నిచ్చినట్టే ఆరోగ్యం కూడా ధైర్యాన్నిచ్చిందని అర్థం. మోకాళ్ళు సహకరించే మనిషి పొద్దున లేచి నలుగురిలోకి వెళ్తాడు, నలుగురిలో ఉన్నవాడికి దిగులు తక్కువ, దిగులు తక్కువ ఉన్నవాడు వేళకు తిని వేళకు గోలీ వేసుకుంటాడు. ఈ గొలుసులో ఏ కొస ముందుందో కేవలం గమనించి రాసుకున్న లెక్కలతో తేల్చడం కుదరదు. అధ్యయనాన్ని సందేశంగా మార్చేటప్పుడు మొదట రాలిపోయేది ఈ జాగ్రత్తే.

ఇంతకూ కొలిచింది దేన్ని? తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీనికి స్థితిస్థాపకత అనే మాట వాడుతున్నారు. అది భౌతికశాస్త్రం నుంచి తెచ్చుకున్న మాట. లాగి వదిలిన స్ప్రింగు మునుపటి రూపానికి రావడాన్ని సూచిస్తుంది. వృద్ధుల విషయంలో ఈ పోలిక సగమే కుదురుతుంది. డెబ్బై ఏళ్ళకు తుంటి ఎముక విరిగిన మనిషి మునుపటిలా నడవడం అరుదు. చేతికర్రతో, తగ్గిన వేగంతో, మరొకరి సాయంతో కొత్త బతుకులో కుదురుకోవడమే ఆ వయసులో తేరుకోవడం. ఊళ్ళలో ఈ సంగతిని చెప్పడానికి ఉన్న మాటలు ఇంకొంచెం నిక్కచ్చిగా ఉంటాయి. రంది పడటం, రంది పెట్టుకోవడం అనే తెలంగాణ మాటల్లో దిగులు, ఆందోళన, ఎడతెగని ఆలోచన మూడూ ఉన్నాయి. నిబ్బరం, ఓర్పు అనేవి మెచ్చుకోలు మాటలు. ఈ మెచ్చుకోలులోనే చిక్కు ఉంది: బాధను పైకి చెప్పని మనిషినీ, బాధ నుంచి బయటపడిన మనిషినీ ఒకే మాటతో మెచ్చుకోవడం అలవాటైపోయింది.

రంది ఒంట్లోకి దిగే దారి

కష్టం ఎదురైనప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను వదులుతాయి. అది కాలేయంలోని చక్కెరను రక్తంలోకి పంపుతుంది, రక్తపోటును పెంచుతుంది, అప్పటికప్పుడు అవసరం లేని పనులను వెనక్కు నెడుతుంది. పొలంలో పాము కనబడ్డ అరగంటకు ఇది మేలు చేసే ఏర్పాటు. ఆ తరువాత హార్మోన్ తగ్గాలి, శరీరం నెమ్మదించాలి. అప్పు, కొడుకు జాడ తెలియకపోవడం, భార్య మంచాన పడటం వంటి నెలల తరబడి తీరని రందిలో ఈ నెమ్మదించడం జరగదు. శరీరం ఎప్పుడూ పాము ఎదురుగా ఉన్నట్టే పనిచేస్తుంది. ఈ అరుగుదలకు అమెరికన్ శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌ఎవెన్, ఆయన సహచరుడు ఎలియట్ స్టెల్లార్ 1993లో ఒక పేరు పెట్టారు; తెలుగులో దాన్ని సర్దుబాటు భారం అనుకోవచ్చు. సర్దుకోవడం వల్ల ప్రాణం నిలుస్తుంది, కానీ ఆ సర్దుబాటుకు గుండె, రక్తనాళాలు, మెదడు కొంత మూల్యం చెల్లిస్తాయి.

వృద్ధాప్యంలో ఈ భారం రెండింతలు కావడానికి కారణాలున్నాయి. వయసుతో పాటు ఒంట్లో సన్నని వాపు ప్రక్రియ సహజంగానే పెరుగుతుంది. ఎడతెగని ఒత్తిడిలో రోగనిరోధక కణాలు కార్టిసాల్ ఇచ్చే 'ఇక ఆగు' అనే సంకేతాన్ని పట్టించుకోవడం మానేస్తాయి కనుక ఆ వాపు మరింత ఎగదోయబడుతుంది. కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, నిద్ర తెగుతుంది. మధుమేహం ఉన్నవారిలో చక్కెర అదుపు తప్పుతుంది.

ఇది ఊహ కాదని చూపిన ప్రయోగాల్లో ఒకటి 1995లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మతిమరుపు వ్యాధితో ఉన్న సొంత మనుషులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, అలాంటి బాధ్యత లేని అదే వయసు స్త్రీలు 13 మందిని తీసుకుని, ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాటు పెట్టి అది మానే రోజులను లెక్కించారు. సేవ చేసే స్త్రీలకు గాయం మానడానికి సగటున 48.7 రోజులు పట్టగా మిగతావారికి 39.3 రోజులు పట్టింది. తొమ్మిది రోజుల ఈ తేడాను ఊరి లెక్కలో చూడాలంటే చెలకలో కాలికి ముల్లు గుచ్చుకున్న, షుగర్ ఉన్న, మంచాన పడ్డ భర్తను చూసుకుంటున్న అరవై ఐదేళ్ళ స్త్రీని తలచుకోవాలి. ఆమె పుండు మానకపోవడానికి షుగర్ ఒక్కటే కారణమని దవాఖాన చీటీ చెబుతుంది. రంది ఆ చీటీలోకి ఎక్కదు.

ప్రయాణం ఎదురు దిశలోనూ సాగుతుంది. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మంది కుంగుబాటుకు లోనవుతారు. మధుమేహం ఉన్నవారిలో కుంగుబాటు, ఆ జబ్బు లేనివారిలోకంటే సుమారు రెట్టింపు. చూపు మందగిస్తే గడప దాటడం తగ్గుతుంది, వినికిడి తగ్గితే పక్కన కూర్చున్నా మాట కలవదు. కంటి వెలుగు పేరుతో రాష్ట్రంలో 2018లో, 2023లో రెండు విడతలుగా ఊరూరా కళ్ళ పరీక్షలు జరిగాయి. చెవుల కోసం ఆ స్థాయిలో కార్యక్రమమేదీ జరగలేదు. చెవుడు నవ్వులాటకు వస్తువు కావడమూ, ముసలితనంలో మామూలే అనుకోవడమూ దీనికి కొంత కారణం కావచ్చు.

నల్లగొండ: నీళ్ళు ఎముకల్లో మిగిల్చినది

నల్లగొండ జిల్లాలో ఈ చర్చను ఫ్లోరైడ్‌ను పక్కన పెట్టి చేయడం సాధ్యం కాదు. ఇక్కడి గ్రానైట్ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి చేరుతుంది. బావులు ఎండి బోర్లు లోతుకు దిగిన కొద్దీ సమస్య తీవ్రమైంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 3 నుంచి 6 మిల్లీగ్రాములున్న నీటిని ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకు ఫ్లోరోసిస్ వస్తుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్ళలో వంగిన నడుములు, తిప్పలేని మెడలు, గారపట్టిన పళ్ళు ఒకరిద్దరివి కావు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. ఒక జిల్లా పేరు ఈ కారణంగా ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కడం ఎవరూ కోరుకునే గుర్తింపు కాదు.

1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలోని పడుచువారిలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే లక్షణాన్ని గుర్తించి లాన్సెట్‌లో రాశారు. అప్పుడు పదిహేనేళ్ళ వయసున్నవారు ఇప్పుడు అరవై ఐదు దాటారు. కృష్ణా జలాలు, ఆపైన 2016 నుంచి మిషన్ భగీరథ నీళ్ళు ఇళ్ళకు చేరాక కొత్తగా ఎముకలు వంగడం తగ్గవచ్చు గానీ, ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌లో దాదాపు అంతా ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుంది. అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా తప్ప బయటికి రాదు. గట్టిపడిన స్నాయువులు మునుపటిలా మెత్తబడవు. కాబట్టి కుళాయిలో మంచి నీళ్ళు పారుతున్న ఊళ్ళోనే పాత నీళ్ళ బాధ ఇంకో ఇరవై, ముప్పై ఏళ్ళు నడుస్తుంది.

మనసుకు సంబంధించి ఫ్లోరోసిస్ ఒక ప్రత్యేకమైన పరిస్థితిని సృష్టించింది. సాధారణంగా వృద్ధాప్యపు నొప్పి యాభై, అరవై ఏళ్ళ ఆరోగ్యం తరువాత వస్తుంది. నొప్పి లేని కాలం జ్ఞాపకంలో ఉంటుంది. ఫ్లోరోసిస్ బాధితులకు అలాంటి కాలం జ్ఞాపకంలో లేకపోవచ్చు. ఒళ్ళు గుంజడం, నడుము పట్టేయడం వారికి జబ్బులా కాక బతుకు తీరులా కనిపిస్తాయి. తోటివారందరిదీ అదే అవస్థ కావడం వల్ల అవమానం తక్కువ, ఒకరికొకరు ఆసరా ఎక్కువ. ఇది వారికి నిజమైన బలమే. కానీ అందరిదీ అదే అవస్థ కావడం వల్లే దవాఖానకు చూపించుకోవాలనే ఆలోచన కూడా రాదు. మెడ నరాలు నొక్కుకుపోయి కాళ్ళు మొద్దుబారుతున్నా పాత నొప్పే కదా అని ఊరుకునే ప్రమాదం ఇక్కడ ఎక్కువ.

పాలమూరు: ఎవరు ఎవరిని చూసుకుంటున్నారు

పాలమూరు లేబర్ అనే మాట దేశంలో ఆనకట్టలు, కాలువలు కట్టిన చోటల్లా తెలిసిన మాట. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన కాలం నుంచి గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని కుటుంబాలు కుటుంబాలే మట్టి పనికి తరలివెళ్ళాయి. తరువాత బొంబాయి, పుణె, ఇప్పుడు ఎక్కువగా హైదరాబాద్ భవన నిర్మాణ పనులు. 2016లోనూ 2019లోనూ జిల్లా ఐదుగా విడిపోయింది. ఎత్తిపోతల పథకాల కింద కొన్ని మండలాలకు నీళ్ళు వచ్చి వలస తగ్గింది. అయినా నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు, నల్లగొండ పక్కన దేవరకొండ తండాల్లో తాళం వేసిన ఇళ్ళు, అరుగు మీద ఒంటరిగా కూర్చున్న పెద్దవాళ్ళు కొత్త దృశ్యం కాదు.

వలస వృద్ధుల మీద రెండు విధాలుగా పనిచేస్తుంది, ఈ రెండింటినీ తరచూ కలిపేస్తుంటారు. ఒకటి, వలస పోయి వచ్చినవారి శరీరం. రాళ్ళు కొట్టే చోట, డ్రిల్లింగ్ జరిగే చోట పీల్చిన దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, క్షయ ముప్పును పెంచుతుంది. ఇటుకలు, సిమెంటు బస్తాలు మోసిన వెన్నుపూస యాభై ఐదేళ్ళకే డెబ్బై ఏళ్ళదానిలా అరుగుతుంది. రెండోది, వలస పోకుండా ఊళ్ళో మిగిలినవారి బాధ్యత. మనవలు, మనవరాళ్ళు అవ్వతాతల దగ్గర ఉండి బడికి పోతారు. దసరాకో కురుమూర్తి జాతరకో కొడుకు కోడలు వచ్చేదాకా వంట, నీళ్ళు, బడి, జ్వరం వస్తే దవాఖాన అన్నీ ఆ పెద్దామె చేతుల మీదే నడుస్తాయి.

పిల్లల్ని పెంచడం పెద్దవాళ్ళకు హాయి అని సాధారణంగా అంటారు, అందులో నిజముంది. తన అవసరం ఒకరికి ఉందన్న భావన మనసును నిలబెడుతుందని పలు దేశాల పరిశోధనలు చూపాయి. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 43,391 మందిని ఏడేళ్ళు గమనించినప్పుడు బతుకుకు ఒక అర్థం ఉందని చెప్పలేకపోయినవారిలో మరణాలు దాదాపు ఒకటిన్నర రెట్లుగా తేలాయి. కానీ గాయాలు మానడాన్ని లెక్కించిన ఆ 13 మంది స్త్రీలూ ఒకరికి అవసరమైనవారే. అదే బాధ్యత ఒకచోట ఆయువు పోస్తుంటే మరోచోట ఆయువు తింటున్నదంటే తేడా బాధ్యతలో లేదు, దాన్ని దించుకునే వీలులో ఉంది. సాయంత్రం పూట పిల్లవాణ్ణి పక్కింట్లో దింపి తాను కాసేపు నడుం వాల్చగలిగిన అవ్వ పరిస్థితి వేరు, జ్వరంలోనూ పొయ్యి దగ్గరే ఉండాల్సిన అవ్వ పరిస్థితి వేరు. పైకి ఇద్దరూ ఓర్పు గల మనుషులే. ఇంట్లో పండ్లూ పాలూ ఉన్న రోజున పిల్లలకు పెట్టి తాను తొక్కు పచ్చడితో బువ్వ తినే అలవాటు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మాంసకృత్తులు అందని కండ అరవై దాటాక ఏటా కరుగుతూనే పోతుంది.

ఓర్పు నష్టం చేసే చోటు

దేశంలో 45 ఏళ్ళు దాటిన 72,000 మందికి పైగా వివరాలతో 2017-18లో జరిగిన లాసీ సర్వేలో ఈ విషయానికి సంబంధించి ఒక అంకె ఉంది. అరవై దాటినవారిలో తమకు కుంగుబాటు ఉందని వైద్యుడు చెప్పినట్టు చెప్పినవారు 0.8 శాతం. అదే మనుషులను లక్షణాల ప్రశ్నావళితో అడిగితే కుంగుబాటు ఉండే అవకాశం ఉన్నవారు 8.3 శాతం. అంటే పదిమందిలో తొమ్మిది మంది జబ్బు ఏ చీటీ మీదకూ ఎక్కడం లేదు. ఊరి వృద్ధులు మనసు బాగాలేదని చెప్పకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. వారు చెబుతూనే ఉంటారు, ఒంటి భాషలో చెబుతారు: తల దిమ్ముగా ఉంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో మండుతుంది, ఒళ్ళంతా గుంజుతుంది, నిద్ర రాదు. వినేవారు వాటిని గ్యాస్‌గానో వయసుగానో రాసుకుంటారు.

అక్కడి నుంచి దారి ఎక్కువగా ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. అతను పిలిస్తే పలుకుతాడు, అప్పు పెడతాడు, మంచి మాట చెబుతాడు. ఆ మాట వల్ల కలిగే ఊరటను తీసిపారేయడానికి లేదు. చిక్కు మాటతో పాటు వచ్చే సూదితోనూ నొప్పి గోలీలతోనూ ఉంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులను వృద్ధులు నెలల తరబడి వాడితే రక్తపోటు పెరుగుతుంది, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒంట్లోని ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి మూత్రపిండాలే కాబట్టి నల్లగొండ వంటి చోట ఈ నష్టం మరో మెట్టు దిగుతుంది: ఎముకల నొప్పికి మింగిన గోలీ, ఆ నొప్పికి కారణమైన పదార్థాన్ని వదిలించుకునే శక్తినే తగ్గించవచ్చు.

ఊరటకు ఇంకో దారి కల్లు. చెట్టు కల్లు మాట వేరు. పాలమూరు, మెదక్, నిజామాబాద్ ప్రాంతాల్లో దశాబ్దాలుగా నడిచిన మందు కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలామ్ కలుపుతారు. 2015లో దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు వణుకు, పిచ్చి చూపులు, మూర్ఛలతో జనం దవాఖానల ముందు బారులు తీరడం ఎంతమంది ఎన్నేళ్ళుగా తెలియకుండానే నిద్రమందుల మీద బతుకుతున్నారో బయటపెట్టింది. ఆల్ప్రాజోలామ్ వృద్ధుల నడకను తడబాటుకు గురిచేస్తుంది, జ్ఞాపకశక్తిని మసకబారుస్తుంది. రాత్రిపూట లేచినప్పుడు జారిపడి తుంటి విరగడానికి అది తేలికైన దారి. పగలంతా కష్టపడి సాయంత్రం ఇంత తాగి పడుకునే మనిషిని ఊరు రందిలేని మనిషి అంటుంది. నిజానికి ఆయన రంది ఒక రసాయనం కింద దాగి ఉంటుంది.

కొలబద్ద ఎక్కడిది

మొదట చెప్పుకున్న అమెరికా అధ్యయనంలో స్థైర్యాన్ని కొలిచిన ప్రశ్నల్లో పట్టుదల, ప్రశాంతత, జీవితానికి లక్ష్యం, స్వయంశక్తి మీద నమ్మకం ఉన్నాయి. వాటితో పాటు కొన్ని అనుభవాలను మనిషి ఒంటరిగానే ఎదుర్కోవాలన్న గుర్తింపు కూడా ఒక అంశం. అరవై ఐదు దాటినవారిలో దాదాపు అందరికీ ప్రభుత్వ వైద్య బీమా ఉన్న దేశంలో ఒంటరిగా ఎదుర్కోవడం ఒక గుణం కావచ్చు. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాల్సిన తండాలో అది గుణం కంటే ముప్పుగా మారే అవకాశమే ఎక్కువ. అదే ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి ఇక్కడి వృద్ధులకు ఇస్తే ఓర్పుకు మార్కులు బాగా పడతాయి, ఆయువు మాత్రం ఆ మార్కులను అనుసరించకపోవచ్చు.

సంఖ్యలను పోల్చేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. కరువు, వలస, చిన్న వయసు కాన్పులు, క్షయ దాటుకుని డెబ్బై ఐదుకు చేరినవారు మొదటి నుంచీ గట్టి శరీరం ఉన్నవారై ఉంటారు. వారిని చూసి పాతకాలపు మనుషులు కష్టాల వల్లే గట్టిపడ్డారని అనడం మామూలు. కష్టాల్లో పోయినవారు పోలికకు మిగలలేదన్న సంగతి ఈ మాటలో మరుగున పడుతుంది.

మనుషుల మధ్య సంబంధాల విషయంలో మాత్రం దేశదేశాల లెక్కలు ఒకే దిక్కు చూపుతాయి. 148 అధ్యయనాల్లోని మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను 2010లో క్రోడీకరించినప్పుడు బలమైన సామాజిక సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. స్థైర్యం మీద పరిశోధనకు తొలి బాటలు వేసినవాటిలో ఒకటైన హవాయి దీవుల అధ్యయనం 1955లో కవాయ్ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను దశాబ్దాల పాటు వెంబడించింది. పేదరికంలో, గొడవల ఇళ్ళలో పుట్టి కూడా నిలదొక్కుకున్న పిల్లల్లో చాలామందికి కనీసం ఒక నమ్మకమైన పెద్దమనిషి తోడు ఉందని అది గుర్తించింది. అలా చూస్తే వృద్ధుల స్థైర్యాన్ని వారి ఒంట్లోనే వెతకడం కంటే వారి అరుగు మీద ఎవరు వచ్చి కూర్చుంటున్నారో చూడటం మేలు.

గోవాలో పనిచేసినది

మనదేశ పరిస్థితుల్లో కుంగుబాటు రాకముందే ఆపవచ్చా అన్న ప్రశ్నకు గోవాలో జరిగిన ఒక ప్రయోగం జవాబు ఇచ్చింది. దాని ఫలితాలు 2019లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. తేలికపాటి దిగులు లక్షణాలున్న, అరవై దాటిన 181 మందిని రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు వైద్యంతో పాటు, మానసిక వైద్యులు కాని మామూలు స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి వారితో కొన్ని విడతల ముచ్చట్లు జరిపించారు. ఏడాది తరువాత కుంగుబాటు బారిన పడినవారు ఈ గుంపులో 4.4 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందిన గుంపులో 14.4 శాతం.

ఆ కార్యకర్తలు ధైర్యంగా ఉండండి అని చెప్పి రాలేదు. ఒక సమస్యను చిన్న చిన్న పనులుగా విడగొట్టి ఏది ముందు చేయాలో కలిసి ఆలోచించారు. నిద్ర వేళలను సరిచేశారు. షుగర్, బీపీ వంటి జబ్బులను ఎలా చూసుకోవాలో వివరించారు. రావలసిన ప్రభుత్వ సాయం రాకపోతే దానికి దారి చూపారు. ప్రయోగం చిన్నదే, గోవా ఆదాయం, అక్షరాస్యత దక్షిణ తెలంగాణవి కావు. అయినా ఆ పనుల్లో ఏదీ ఆశా కార్యకర్తకూ మహిళా సంఘానికీ అందని పని కాదు. శరీరం వైపు నుంచి చూసినా ఇదే తీరు: అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ళ వయసున్న 1,635 మందితో జరిగి 2014లో ఫలితాలు వెలువడిన లైఫ్ ప్రయోగంలో నడక ప్రధానంగా సాగిన క్రమమైన వ్యాయామం, నాలుగు వందల మీటర్లు నడవలేని స్థితికి చేరే ముప్పును 18 శాతం తగ్గించింది. రోజూ రావిచెట్టు గద్దె దాకా నడిచే తాత కాళ్ళకూ మనసుకూ ఒకేసారి పని పడుతున్నది.

చేతిలో ఉన్న ఆసరాలు, వాటి ఖాళీలు

అంతకుముందు నెలకు 200 రూపాయలున్న వృద్ధాప్య పింఛను 2014 నవంబరులో ఆసరా పేరుతో వెయ్యికి, 2019లో 2,016కు పెరిగింది. దాని విలువ సరుకుల లెక్కలోనే కాకుండా ఇంట్లో పెద్దల మాట చెల్లుబాటులోనూ కనబడుతుంది. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా గోలీలు కొనుక్కోగలగడం తేరుకునే శక్తిలో భాగమే. రెక్కల కష్టంతో గీతలు అరిగిపోయిన వేలు యంత్రంలో పడక పోస్టాఫీసు నుంచి ఉత్త చేతులతో తిరిగిరావడం, తీసుకున్న డబ్బు మనవడి ఫీజుకు పోవడం దీని మరోవైపు. 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణాన్ని ఆరోగ్య పథకంగా ఎవరూ చెప్పలేదు. కానీ బిడ్డ ఇంటికో తోబుట్టువు ఇంటికో ఛార్జీ లెక్క చూసుకోకుండా పోయి రాగలగడం వృద్ధ స్త్రీల ఒంటరితనం మీద పనిచేసే అవకాశమున్న మార్పు. పురుషులకు అలాంటి వెసులుబాటు లేదు.

పల్లె దవాఖానల్లో బీపీ, షుగర్ పరీక్షలు జరుగుతాయి. నిద్ర ఎలా పడుతోంది, ఇంట్లో ఎవరుంటున్నారు అన్న రెండు ప్రశ్నలు ఆ పరీక్షలకు చేరిస్తే అదనపు ఖర్చు దాదాపు లేదు. మానసిక సమస్యలకు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరు, వృద్ధుల సమస్యలకు 14567 నంబరు ఉన్నాయి. పిల్లలు చూడకపోతే ఆర్డీవో ముందు ఫిర్యాదు చేసి పోషణ ఖర్చు కోరే వీలును 2007 నాటి చట్టం కల్పించింది. కానీ బొంబాయిలో మట్టి మోసే కొడుకు మీద ఏ తల్లీ ఆ కాగితం పెట్టదు. అతని దగ్గర కూడా ఇచ్చేందుకు ఏమీ ఉండకపోవచ్చు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. పెద్ద జబ్బుకు హైదరాబాద్ దాకా పోనవసరం తగ్గుతోంది. తరువాతి పదిహేనేళ్ళలో వీటి తలుపు తట్టేవారు ఎలాంటివారో ముందే ఊహించవచ్చు. మట్టి తట్టలు మోసి ఆనకట్టలు కట్టిన తరం దాదాపు గడిచిపోయింది. నగరాల్లో అంతస్తులు లేపిన తరం వెన్నునొప్పితో, దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో ఊళ్ళకు తిరిగి వస్తోంది. బోరు నీళ్ళు తాగి పెరిగిన చివరి పిల్లలు అప్పటికి నడివయసుకు దగ్గరవుతారు. ఈ మూడో గుంపుకు పెద్దవాళ్ళకున్నంత ఓర్పు ఉండకపోవచ్చు, నొప్పి తగ్గకపోతే గట్టిగా అడగవచ్చు. వారి దవాఖాన చీటీల మీద కుంగుబాటు అనే మాట ఇప్పటికంటే ఎక్కువసార్లు కనబడితే, జబ్బు పెరిగిందని వెంటనే అనుకోవడానికి లేదు. లాసీ లెక్కల్లో 0.8కి 8.3కి మధ్య ఉన్న ఆ ఖాళీ పూడటం మొదలైందన్న అర్థం కూడా దానికి ఉంటుంది.